ఆటిజం అనుమానం నుంచి సదరం, బడి దాకా: తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ సందేహాలు మళ్లీ మళ్లీ వస్తుంటాయి, అందుకే ఒకచోట చేర్చాం. ప్రధానంగా ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కుటుంబాల కోసం రాసినవి. ఏ జవాబుకా జవాబు పూర్తిగా ఉంటుంది, మీకు అవసరమైన దగ్గర నుంచి చదువుకోవచ్చు.

ముందుగా ఒక్క మాట. డాక్టరు ఇచ్చే రిపోర్టు, థెరపీ ప్లాను, వైకల్య ధ్రువపత్రం (సదరం క్యాంపులో పరీక్షించి ఇచ్చేది) మూడు వేర్వేరు కాగితాలు. ఇచ్చేవాళ్లు వేరు, పనికొచ్చే చోట్లు వేరు. ఇవన్నీ ఒకటే అనుకుని, ఒకటి రాలేదని మిగతావి ఆపుకున్న కుటుంబాలే ఎక్కువ కాలం పోగొట్టుకుంటున్నాయి.

## అనుమానం దశ

మా బాబుకి రెండేళ్లు నిండాయి, ఇంకా మాటలు రాలేదు. ఆటిజమేనా?

మాటలు ఆలస్యమైనంత మాత్రాన ఆటిజం అనలేం. వినికిడి లోపం, మొత్తం ఎదుగుదలలో జాప్యం, ఒక్క భాషలోనే జాప్యం కూడా ఇలాగే కనిపిస్తాయి. మాటకంటే ముందు రావలసినవి గమనించండి. ఏడాది వయసుకు పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడాలి. కావలసిన వస్తువును వేలితో చూపించాలి. దానికి మరికొన్ని నెలల్లో, అవసరం లేకపోయినా "అదిగో కుక్క" అన్నట్టు మీకు చూపించి మీ ముఖంలోకి చూడాలి. ఈ రెండో రకం చూపించడం లేకపోతే దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. మీ చెయ్యి పట్టుకుని లాక్కెళ్లి ఫ్రిజ్ మీద పెట్టడం, బొమ్మకారును నడపకుండా చక్రాలు మాత్రమే తిప్పుతూ కూర్చోవడం, ఒకే తలుపును పదేపదే తీసి వేయడం లాంటివి ఉంటే రాసి పెట్టుకోండి. అప్పటికే వచ్చిన మాటలు ఏ వయసులో పోయినా ఆ వారమే పిల్లల డాక్టరుకు చూపించాలి.

మా అత్తగారు "మీ ఆయనకూ నాలుగేళ్లకే మాటలొచ్చాయి, మగపిల్లలు అంతే" అంటున్నారు. ఆగొచ్చా?

ఆగొద్దు. కొందరికి మాటలు ఆలస్యంగా వచ్చి అంతా సర్దుకునే మాట నిజమే. మీ బాబు ఆ కొందరిలో ఒకడా కాదా అన్నది పరీక్ష చేయించకుండా తెలియదు. పరీక్ష చేయిస్తే నష్టం లేదు. ఆగి, తర్వాత ఆటిజమని తేలితే ఏడాది, రెండేళ్లు పోతాయి. పెద్దవాళ్లతో వాదన పెట్టుకోకుండా "ముందు చెవులు పరీక్ష చేయిద్దాం" అని మొదలుపెడితే ఇంట్లో గొడవ తక్కువ. ఎలాగూ అదే మొదటి పరీక్ష.

వస పోస్తే మాటలు వస్తాయా? నాలుక కింద తీగ కోయించమంటున్నారు?

ఆటిజంలో మాటలు రాకపోవడానికి నాలుకతో సంబంధం లేదు. నాలుక కింద తీగ బిగుతుగా ఉంటే పాలు తాగడం, కొన్ని అక్షరాలు పలకడం కష్టమవుతాయి. పేరు పిలిస్తే పలకకపోవడానికి, వేలితో చూపించకపోవడానికి అది కారణం కాదు. వస వల్ల మాటలు వస్తాయనడానికి ఆధారం లేదు. ఎక్కువైతే ఆగని వాంతులు పట్టుకుంటాయి.

ఫోన్ ఎక్కువ చూపించడం వల్లే వచ్చిందా?

ఫోన్ ఆటిజాన్ని పుట్టించదు. ఆటిజం మెదడు ఎదుగుదలకు సంబంధించినది, అందులో జన్యువుల పాత్ర పెద్దది. అయితే రోజుకు నాలుగైదు గంటలు ఫోన్‌లో ఉండే పిల్లవాడితో మాట్లాడేవాళ్లు, ఆడేవాళ్లు ఉండరు కాబట్టి భాష వెనకబడుతుంది. ఫోన్ తగ్గించండి, ఆ సమయంలో మీరు కూర్చుని ఆడండి. "వర్చువల్ ఆటిజం, ఫోన్ తీసేస్తే పోతుంది" అన్న మాట నమ్మి అసెస్‌మెంట్ మాత్రం వాయిదా వేయకండి. రెండూ ఒకేసారి చేయొచ్చు.

టీకాల వల్ల వచ్చిందంటారు, నిజమేనా?

కాదు. ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా) టీకాతో ముడిపెట్టిన 1998 నాటి పరిశోధన పత్రాన్ని ప్రచురించిన పత్రికే 2010లో వెనక్కి తీసుకుంది. మిగిలిన టీకాలు వేళకు వేయించండి.

మాది మేనరికం. అందుకే ఇలా అయిందా? రెండో బిడ్డకూ వస్తుందా?

దగ్గరి సంబంధాల్లో కొన్ని జన్యుపరమైన జబ్బులు వచ్చే అవకాశం పెరుగుతుంది. ఆటిజానికి మాత్రం మేనరికమే కారణమని వేలెత్తి చూపలేం. సంబంధం లేని దంపతులకూ ఇలాంటి పిల్లలు పుడుతున్నారు. ఒక బిడ్డకు ఆటిజం ఉంటే తర్వాతి బిడ్డకు వచ్చే అవకాశం దాదాపు ఐదుగురిలో ఒకరికి ఉంటుందని పెద్ద అధ్యయనాలు చెబుతున్నాయి. ఆటిజంతో పాటు ఫిట్స్, ముఖం తీరులో తేడా, బాగా వెనకబడిన ఎదుగుదల ఉన్నా, బంధువుల్లో ఇలాంటి పిల్లలు ఇంకా ఉన్నా రెండో బిడ్డకు ముందే జెనెటిక్ కౌన్సెలింగ్‌కు వెళ్లండి. హైదరాబాద్ నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది. ఈ ప్రశ్నను ఇంట్లో "ఎవరి వైపు నుంచి వచ్చింది" అన్న పంచాయితీగా మారనివ్వకండి.

## అసెస్‌మెంట్ దశ

ముందు ఎవరి దగ్గరికి వెళ్లాలి?

మీ పిల్లల డాక్టరు దగ్గర మొదలుపెట్టి, చెవుల పరీక్షకు, డెవలప్‌మెంటల్ పీడియాట్రీషియన్‌కు (పిల్లల ఎదుగుదల నిపుణులు) లేదా పిల్లల సైకియాట్రిస్టుకు చీటీ అడగండి. చెవుల పరీక్ష అంటే ఇంట్లో గిన్నె మోగించి చూడటం కాదు. ఓఏఈ (చెవిలోకి శబ్దం పంపి లోపలి చెవి స్పందన చూసేది), అవసరమైతే బెరా (శబ్దానికి నరాలు, మెదడు స్పందన చూసేది) చేయించాలి.

డబ్బు ఖర్చు లేకుండా కావాలంటే ప్రభుత్వంలో దారులున్నాయి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, బడులకు ఒకసారి వైద్య బృందం రావాలి. అనుమానం ఉన్న పిల్లలను వాళ్లు జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి, అంటే 'డైక్'కు పంపుతారు. బృందం వచ్చేదాకా ఎదురుచూడనక్కర్లేదు, అంగన్‌వాడీ టీచరునో ఏఎన్‌ఎంనో అడిగి నేరుగా వెళ్లొచ్చు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఉన్న ఎన్ఐఈపీఐడీలో (మేధో వైకల్యం ఉన్నవారి కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే జాతీయ సంస్థ) అసెస్‌మెంట్, చిన్నపిల్లల థెరపీ రెండూ ఉన్నాయి. ఆంధ్ర వైపు నెల్లూరులో కేంద్ర ప్రభుత్వ సమ్మిళిత ప్రాంతీయ కేంద్రం ఉంది.

రక్తపరీక్షలోనో స్కానింగ్‌లోనో తెలియదా?

తెలియదు. ఆటిజాన్ని పట్టించే రక్తపరీక్ష గానీ ఎంఆర్ఐ గానీ లేదు. పిల్లవాడిని గమనించి, మీ దగ్గర వివరంగా చరిత్ర తీసుకునే నిర్ధారిస్తారు. ఫిట్స్ అనుమానం ఉంటే ఈఈజీ (మెదడు విద్యుత్ తరంగాల పరీక్ష), ఇంకేవైనా తేడాలు కనిపిస్తే జన్యు పరీక్షలు, ఎంఆర్ఐ రాస్తారు. మొదటి రోజే అందరికీ ఒకే ప్యాకేజీగా ఎంఆర్ఐ, విదేశీ ల్యాబ్ వెంట్రుకల పరీక్ష రాస్తే ఎందుకని అడగండి. వెంట్రుకల్లో లోహాల పరీక్షతో ఆటిజానికి పనిలేదు.

ఎం-చాట్, ఇసా, కార్స్ అంటున్నారు. ఏది మంచిది?

ఇవి ఒకే పని చేసేవి కావు. ఎం-చాట్ 16 నుంచి 30 నెలల పిల్లలకు తల్లిదండ్రులు నింపే 20 ప్రశ్నల జల్లెడ. అందులో ఎక్కువ మార్కులొస్తే "వివరంగా చూడాలి" అని అర్థం, "ఆటిజం ఉంది" అని కాదు. ఐఎన్‌డీటీ-ఏఎస్‌డీ మన దేశంలో 2 నుంచి 9 ఏళ్ల పిల్లల నిర్ధారణకు తయారైనది. కార్స్‌లో 15 అంశాలను నిపుణులు చూసి మార్కులు వేస్తారు. 30 లేదా ఆపైన వస్తే ఆటిజం పరిధి. ఇసా కూడా మన దేశంలో తయారైనదే. 40 అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 5, మొత్తం 40 నుంచి 200. 70 కంటే తక్కువైతే ఆటిజం లేనట్టు, 70 నుంచి 106 తేలిక, 107 నుంచి 153 మధ్యస్థం, ఆపైన తీవ్రం. వైకల్య శాతం లెక్కకట్టేది ఇసాతోనే, అందుకే ధ్రువపత్రం కావాలంటే అది తప్పదు.

సాధనం పేరుకన్నా దాన్ని వాడే మనిషి అనుభవం ముఖ్యం. పది నిమిషాలు చూసి ఒక్క ఎం-చాట్ కాగితం మీద "మైల్డ్ ఆటిజం" అని రాసిస్తే ఇంకోచోట చూపించుకోండి.

అసెస్‌మెంట్ రోజు ఏమేం తీసుకెళ్లాలి? ఎలా సిద్ధం చేయాలి?

పుట్టినప్పటి డిశ్చార్జి సమ్మరీ, టీకాల కార్డు, చెవుల రిపోర్టు, బడికి వెళ్తుంటే టీచరు రాసిన అరపేజీ. ఒక కాగితం మీద తల నిలపడం, కూర్చోవడం, నడక, మొదటి మాట ఏ నెలలో వచ్చాయో రాయండి. గుర్తులేకపోతే పాత ఫోటోల తేదీలు చూస్తే తెలుస్తుంది. ఫోన్‌లో ఒకటి రెండు నిమిషాల వీడియోలు నాలుగైదు చాలు. ఒంటరిగా ఆడుకుంటున్నది, పేరు పిలిచినప్పుడు, అన్నం తినేటప్పుడు, వేరే పిల్లలతో ఉన్నప్పుడు, మొండికేసినప్పుడు. కొత్త గదిలో ఆ రోజు కనిపించనివి ఈ వీడియోలే చెబుతాయి.

నిద్ర వేళకు, ఆకలి వేళకు అపాయింట్‌మెంట్ పెట్టుకోవద్దు. తెల్లవారుజామున బస్సెక్కి వచ్చి పది గంటలకే పరీక్ష చేయిస్తే పిల్లవాడు చేయగలిగినవీ చేయడు. కుదిరితే ముందురోజే రండి. వెయిటింగ్ హాల్లో ఫోన్ చేతికిస్తే, లాక్కున్నాక వచ్చే ఏడుపుతోనే సగం సమయం పోతుంది. ఇష్టమైన బొమ్మ, తినుబండారం తీసుకెళ్లండి. ఇంట్లో తెలుగు మాట్లాడితే "తెలుగులోనే అడగండి" అని ముందే చెప్పండి. ఇంగ్లీషు బొమ్మల పుస్తకం చూపించి "వేర్ ఈజ్ ద డాగ్?" అంటే "కుక్క" తెలిసిన పిల్లవాడూ గుర్తుపట్టడు. ఇక, పిల్లవాడిని అడిగినదానికి మీరు జవాబివ్వకండి. మనకు తెలియకుండానే అందించేస్తాం.

రిపోర్టులో ఏమేం ఉండాలి?

వాడిన సాధనాల పేర్లు, వచ్చిన మార్కులు, తేదీలు, పిల్లవాడు చేసినవి చేయనివి నాలుగు వాక్యాల్లో, ఎదుగుదల ఏ వయసు స్థాయిలో ఉందో, ఇకపై ఏం చేయాలో. చివర సంతకం, రిజిస్ట్రేషన్ నంబరు. క్లినికల్ సైకాలజిస్టు, స్పీచ్ థెరపిస్టు, స్పెషల్ ఎడ్యుకేటర్లకు భారత పునరావాస మండలి (ఆర్‌సీఐ) నమోదు ఉండాలి, ఆ నంబరును మండలి వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. "ఆటిస్టిక్ ఫీచర్స్" అని మాత్రమే రాసి వదిలేస్తే అది నిర్ధారణో కాదో తేల్చి రాయమనండి. ఆ రెండు ముక్కలతో బడిలోనూ ఆఫీసులోనూ పని జరగదు.

## థెరపీ దశ

డయాగ్నోసిస్ రావడానికి మూడు నెలలు పడుతుందట. అప్పటిదాకా ఏం చేయాలి?

స్పీచ్ థెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ (రోజువారీ పనులు, ఆటలు నేర్పేది) మొదలుపెట్టడానికి ఆటిజం అనే పేరు ఖాయం కానక్కర్లేదు. మాటలు ఆలస్యమన్న కారణం చాలు. ఇంట్లో ఈరోజు నుంచే చేయగలిగినవి: కింద కూర్చుని మీ ముఖం వాడి ముఖం ఎత్తున ఉండేలా చూసుకోండి. వాడు చేసేదాన్నే మీరూ చేయండి. బిస్కెట్ డబ్బా కనబడేచోట, అందని ఎత్తులో పెట్టి, ఐదు నుంచి పది సెకన్లు ఆగి చూడండి. అడగడానికి వాడికో అవసరం, కాస్త సమయం దొరుకుతాయి. చూపో, చెయ్యో, శబ్దమో ఏది వచ్చినా వెంటనే ఇచ్చి "బిస్కెట్" అని ఒక్క మాట అనండి. "చెప్పు, బిస్కెట్ అను, అంటేనే ఇస్తా" అని ఏడిపించొద్దు. మాటలు లేని పిల్లవాడితో ఒక్క మాటలో, ఒక్క మాట అనేవాడితో రెండు మాటల్లో మాట్లాడండి.

వారానికి ఎన్ని గంటలు థెరపీ కావాలి?

అందరికీ సరిపోయే అంకె లేదు. వయసు, అవసరం, ఇంటి పరిస్థితి బట్టి మారుతుంది. సెంటర్లో వారానికి రెండు మూడు సెషన్లు, అక్కడ నేర్పింది ఇంట్లో రోజూ స్నానం, తిండి, ఆటల్లో వాడటం చాలా కుటుంబాలకు నిలబడే పద్ధతి. సాయంత్రాలన్నీ సెంటర్ల చుట్టూ తిరిగి, ఇంట్లో ఆడే ఓపిక ఎవరికీ మిగలకపోతే ఆ గంటలు దండగ.

మంచి సెంటరని ఎలా తెలుస్తుంది?

లక్ష్యాలు రాసివ్వమనండి. "కమ్యూనికేషన్ మెరుగుపడాలి" అన్నది లక్ష్యం కాదు. "మూడు నెలల్లో, ఎవరూ అందించకుండా, కావలసినదాన్ని వేలితో చూపించి రోజుకు ఐదుసార్లు అడగాలి" అన్నది లక్ష్యం, ఎందుకంటే జరిగిందో లేదో మీరే లెక్కపెట్టగలరు. 45 నిమిషాల సెషన్‌లో చివరి పది నిమిషాలైనా మిమ్మల్ని లోపల కూర్చోబెట్టి నేర్పాలి. తల్లిదండ్రులు లోపలికి రాకూడదనేవాళ్లు, కొట్టేవాళ్లు, కట్టేసేవాళ్లు, "ఆరు నెలల్లో నార్మల్ చేస్తాం" అని ఆరు నెలల ఫీజు ముందే కట్టించుకునేవాళ్లు అక్కర్లేదు.

బొమ్మల కార్డులు, ట్యాబ్ వాడితే ఇక మాట్లాడడేమో?

ఆ భయం అక్కర్లేదు. బొమ్మలు, సైగలు, ట్యాబ్ మాటలను ఆపవు. అడిగే దారి దొరికితే ఏడుపు తగ్గుతుంది, కొందరిలో మాటలకూ తోడ్పడుతుంది. కార్డుల కింద తెలుగులోనే రాయండి: నీళ్లు, పెరుగు, బయటికి, వద్దు. "వద్దు" కార్డు తప్పనిసరి, చాలా సెంటర్లు మరిచిపోయేది అదే.

ఇంట్లో తెలుగు మానేసి ఇంగ్లీషు ఒక్కటే మాట్లాడమన్నారు. మానేయాలా?

మానొద్దు. రెండు భాషలు వినడం ఆటిజాన్ని పెంచదు, మాటలను ఆపదు. మీకు బాగా వచ్చిన భాషలోనే లాలించగలరు, ఆడించగలరు. బెంగళూరులోనో డాలస్‌లోనో ఉన్న పిల్లవాడికి తెలుగు తీసేస్తే వీడియో కాల్‌లో అమ్మమ్మ, తాతయ్య కూడా దూరమవుతారు.

మందులతో తగ్గుతుందా? స్టెమ్ సెల్స్ చేయిస్తే?

ఆటిజాన్ని పోగొట్టే మందు లేదు. విపరీతమైన కోపం, తనను తాను గాయపరచుకోవడం ఉంటే రిస్పెరిడోన్, అరిపిప్రజోల్ లాంటివి సైకియాట్రిస్టు రాస్తారు. వాటితో బరువు, ఆకలి పెరగొచ్చు కాబట్టి చెకప్‌లు తప్పవు. నిద్ర పట్టకపోతే మెలటోనిన్ ఇస్తారు, అదీ డాక్టరు చెప్పిన మోతాదులోనే. ఫిట్స్ ఉంటే వాటి మందులు వేరు.

స్టెమ్ సెల్ చికిత్సను ఆటిజానికి సిఫారసు చేయబోమని, దాన్ని ప్రచారం చేయడం వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని జాతీయ వైద్య కమిషన్‌లోని ఎథిక్స్ బోర్డు 2022లోనే చెప్పింది. భూమి అమ్మి చేయించిన కుటుంబాలున్నాయి కాబట్టి నేరుగానే చెబుతున్నాం: వద్దు. శరీరంలోంచి లోహాలు తీసే కీలేషన్ ప్రాణాలకే ప్రమాదం.

పాలు, గోధుమ మానేయమన్నారు. మా వాడు తినేదే పెరుగన్నం!

అందరు ఆటిజం పిల్లలకూ పాలు, గోధుమ మాన్పించాలనడానికి గట్టి ఆధారం లేదు. రెండు మూడు రకాలే తినే పిల్లవాడికి పెరుగు తీసేస్తే కాల్షియం, ప్రొటీన్ ఎక్కడి నుంచి వస్తాయి? నిజంగా అలర్జీ ఉందేమో డాక్టరుతో తేల్చుకోండి, ఐరన్, విటమిన్ డి పరీక్ష చేయించండి. మలబద్ధకం ఉందేమో చూడండి. తిండి, నిద్ర, కోపం మూడింటినీ చెడగొట్టేది చాలాసార్లు అదే. కొత్త తిండి అలవాటు చేయాలంటే తినేదానికి దగ్గరగా ఉన్నదానితో మొదలుపెట్టాలి. పెరుగన్నం తర్వాత మెత్తని పప్పన్నం, అంతేగానీ ఒక్కసారిగా బెండకాయ వేపుడు కాదు.

## సదరం, సర్టిఫికెట్, డబ్బు

హాస్పిటల్ రిపోర్టు ఉంది కదా, మళ్లీ సదరం ఎందుకు?

రిపోర్టు వైద్యానికి. ప్రభుత్వ పథకాలు, పరీక్షల్లో మినహాయింపులు, పన్ను రాయితీ దేనికైనా ప్రభుత్వం ఇచ్చే వైకల్య ధ్రువపత్రం, యూడీఐడీ (దేశమంతటా చెల్లే వైకల్య గుర్తింపు) కార్డు కావాలి. సదరం అంటే ఆ వైకల్యాన్ని పరీక్షించి శాతం తేల్చే ప్రభుత్వ ఏర్పాటు. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి. ఎక్కువ ప్రయోజనాలకు కనీసం 40 శాతం ఉండాలి. ఇసాలో 70 మార్కులు వస్తేనే 40 శాతం అవుతుంది.

సదరం క్యాంపుకు వెళ్లేటప్పుడు ఎక్కడ పొరపాట్లు జరుగుతాయి?

స్లాట్ మీసేవలో, ఆంధ్రప్రదేశ్‌లోనైతే గ్రామ, వార్డు సచివాలయంలో కూడా బుక్ చేస్తారు. కేంద్రం నడిపే యూడీఐడీ స్వావలంబన్ పోర్టల్‌లోనూ దరఖాస్తు ఉంటుంది. బుక్ చేసేటప్పుడే వైకల్యం రకం సరిగ్గా ఎంచుకోవాలి. "బుద్ధిమాంద్యం" అని పడితే సర్టిఫికెట్ మీద ఆటిజం పేరే రాదు, తర్వాత మార్పించడం పెద్ద పని. పిల్లవాడి పేరు, పుట్టిన తేదీ ఆధార్‌లోనూ జనన ధ్రువపత్రంలోనూ అక్షరం తేడా లేకుండా ఉన్నాయా చూసుకోండి. ఐదేళ్లు దాటితే ఆధార్ బయోమెట్రిక్ అప్‌డేట్ అయి ఉండాలి.

బోర్డు ముందు పిల్లవాడు ఆ పది నిమిషాలు బుద్ధిగా కూర్చుంటే శాతం తగ్గొచ్చు. పాత రిపోర్టులన్నీ అసలు కాగితాలు, జిరాక్సులు, వీడియోలు తీసుకెళ్లండి. "అన్నీ చేస్తాడండీ" అని పరువు కోసం చెప్పొద్దు. ఏ పనికి ఎంత సాయం చేయాల్సి వస్తుందో చెప్పండి. చిన్నపిల్లలకు తాత్కాలిక సర్టిఫికెట్ ఇస్తే గడువు తేదీ ఫోన్‌లో పెట్టుకోండి, అది దాటితే పింఛను కూడా ఆగిపోతుంది. శాతం మీద అభ్యంతరం ఉంటే అప్పీలు చేసుకునే హక్కు చట్టంలోని 59వ సెక్షన్‌లో ఉంది.

సర్టిఫికెట్ వస్తే ఏమేం వస్తాయి?

నెలవారీ పింఛను ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి 6,000 రూపాయలు, తెలంగాణలో 2023 నుంచి 4,016. రెండింటికీ కుటుంబ అర్హత నిబంధనలు ఉన్నాయి.

కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ నడిపే నిరామయ ఆరోగ్య బీమా ఏడాదికి లక్ష రూపాయల దాకా ఇస్తుంది. మామూలు బీమాలు పక్కన పెట్టే థెరపీ ఖర్చులకూ ఇందులో కొంత పరిమితి మేర చోటుంది. చేరే ముందు వైద్య పరీక్షలు ఉండవు. ట్రస్టులో నమోదైన స్వచ్ఛంద సంస్థ ద్వారా చేరాలి, ఏటా రెన్యువల్ చేయించుకోవాలి. థెరపీ బిల్లులు తేదీ, రిజిస్ట్రేషన్ నంబరుతో తీసుకోండి. తెల్ల కాగితం రసీదులతో క్లెయిము రాదు.

పాత పన్ను విధానంలో ఉన్న తల్లిదండ్రులకు 80డీడీ సెక్షన్ కింద 75,000 రూపాయలు, వైకల్యం 80 శాతం లేదా ఆపైన ఉంటే 1,25,000 ఆదాయం నుంచి తగ్గించుకునే వీలు, 2026 మార్చి దాకా అమల్లో ఉన్న 1961 ఆదాయపు పన్ను చట్టంలో ఉండేది. ఆ చట్టం కింద ఆటిజానికి ఫారం 10-ఐఏ డాక్టరుతో పూర్తి చేయించాల్సి వచ్చేది. కొత్త పన్ను విధానంలో ఇది లేదు.

సర్టిఫికెట్ తీసుకుంటే పిల్లవాడి మీద ముద్ర పడిపోదా?

దాన్ని ఎవరికి చూపించాలన్నది మీ చేతిలో పని. బీరువాలో పెట్టుకుని, అవసరమైనప్పుడే తీయొచ్చు. పదో తరగతికి వచ్చాక అదనపు సమయం కోసం అప్పటికప్పుడు పరుగెత్తడం మాత్రం కష్టం.

## బడి

"మా దగ్గర ఇలాంటి పిల్లలను చేర్చుకోం" అన్నారు. ఏం చేయాలి?

ఆ మాట కాగితం మీద రాసివ్వమనండి. చాలాచోట్ల అక్కడే మాట మారుతుంది. 2016 చట్టంలోని 16వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వం నడిపే, నిధులిచ్చే, గుర్తించిన బడులు వివక్ష లేకుండా చేర్చుకోవాలి. వైకల్యం 40 శాతం లేదా ఆపైన ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల వరకు దగ్గరి బడిలో లేదా వాళ్లు కోరిన ప్రత్యేక బడిలో ఉచిత విద్య హక్కును 31వ సెక్షన్ ఇస్తుంది. జిల్లా విద్యాశాఖాధికారికి, ఫలితం లేకపోతే రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు పెట్టండి. "షాడో టీచర్‌ని (పిల్లవాడి పక్కనే ఉండి సాయం చేసే టీచర్‌ని) మీ జీతంతో పెట్టుకుంటేనే" అన్న షరతు చట్టంలో లేదు.

హక్కు ఒకటి, ఆ బడి మీ పిల్లవాడికి సరిపోవడం ఇంకొకటి. అరవైమంది క్లాసులో అరిచే టీచరు దగ్గర గొడవపడి సీటు సంపాదించడం కంటే చిన్న బడి, ఓపికున్న టీచరు మేలు.

ప్రభుత్వ బడుల్లో సాయం ఉంటుందా?

సమగ్ర శిక్ష కింద మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి. ప్రత్యేక అవసరాల పిల్లలకు బోధించే రిసోర్సు టీచర్లు అక్కడ ఉంటారు. రాలేని పిల్లలకు ఇంటి వద్దే నేర్పే ఏర్పాటూ ఉంది. మండల విద్యాధికారి కార్యాలయంలో అడగండి.

టీచరును ఏమేం అడగాలి?

చిన్నవి, చేయగలిగినవి అడగండి. ముందు బెంచీలో, ఫ్యాను శబ్దానికి, కిటికీకి దూరంగా చోటు. ఒక్కసారి ఒక్క సూచన. రోజు కార్యక్రమం బొమ్మల్లో. చెవులు మూసుకుంటే ఐదు నిమిషాలు బయట కూర్చునే అనుమతి. సీబీఎస్‌ఈలో మూడు గంటల పరీక్షకు గంట అదనపు సమయం, రాసేవారి సాయం ఉన్నాయి. ఏ బోర్డయినా దరఖాస్తు బడి ద్వారానే వెళ్లాలి, తొమ్మిదో తరగతిలోనే అడిగి పెట్టండి.

మేం అమెరికాలో ఉన్నాం. అక్కడ ఎలా?

మూడేళ్లలోపు పిల్లలకు మీ రాష్ట్రపు ఎర్లీ ఇంటర్వెన్షన్‌కు (చిన్నపిల్లల ఎదుగుదలకు తోడ్పడే ప్రభుత్వ సేవ) మీరే ఫోన్ చేయొచ్చు. రిఫరల్ నుంచి 45 రోజుల్లో ప్లాను తయారవ్వాలి. మూడేళ్లు నిండాక బాధ్యత స్కూల్ డిస్ట్రిక్టుది. అసెస్‌మెంట్ కావాలని ఈమెయిల్‌లో రాతపూర్వకంగా అడగండి, ఫీజు ఉండదు. ఇంట్లో తెలుగని చెప్పి దుబాసీని కోరండి. ఇండియాకు తిరిగి వచ్చేస్తుంటే అక్కడి ఐఈపీ (ఆ పిల్లవాడి కోసం బడి రాసే విద్యా ప్రణాళిక) కాపీ తెచ్చుకోండి. ఇక్కడ దానికి చట్టబద్ధత లేకపోయినా కొత్త టీచరుకు, థెరపిస్టుకు ఎంతో పనికొస్తుంది.

## ఇల్లు, ఊరు, ఆపైన

పెళ్లిళ్లకు, గుడికి తీసుకెళ్తే ఒకటే గోల. పుట్టువెంట్రుకలు ఎలా తీయించాలి?

డప్పులు, డీజే, జనం, కొత్త బట్టల గరుకు అన్నీ ఒకేసారి మీద పడితే తట్టుకోలేడు. అది మొండితనం కాదు. జనం పలచగా ఉండే వేళకు వెళ్లండి, మెత్తని పాత చొక్కా వేయండి, చెవులకు హెడ్‌ఫోన్ పెట్టండి, గంటలోపు వచ్చేయండి. పుట్టువెంట్రుకలకు రెండు వారాల ముందు నుంచి రోజూ తల తడపడం, దువ్వెన ఆనించడం, ట్రిమ్మర్ శబ్దం దూరం నుంచి వినిపించడం చేయండి. చేతులు కాళ్లు నలుగురు పట్టుకుని గుండు గీయిస్తే ఆ తర్వాత ఏళ్ల తరబడి మంగలి షాపు గుమ్మం తొక్కనివ్వడు.

తలుపు తీసి ఉంటే చాలు బయటికి పరుగెత్తుతాడు?

ఇది అన్నిటికంటే అత్యవసరం. తప్పిపోయిన ఆటిజం పిల్లల మరణాలకు మొదటి కారణం నీటిలో మునిగిపోవడం. సంపు మూతకు తాళం వేయండి. దగ్గర్లోని బావి, చెరువు, కాలువ గుర్తుపెట్టుకోండి. కనబడకపోతే ముందు వెతకాల్సింది అక్కడే. తలుపుకు పైన గొళ్లెం, చేతికి ఫోన్ నంబరు రాసిన కడియం, మేడ మెట్లకు గేటు పెట్టండి. వీధి దుకాణాల వాళ్లకు పిల్లవాడిని చూపించి చెప్పండి. వీలైతే ఈత నేర్పించండి.

పద్దెనిమిదేళ్లు దాటాక?

18 నిండితే చట్టం ప్రకారం మీరు ఆటోమేటిక్‌గా సంరక్షకులు కారు. సొంతంగా నిర్ణయాలు తీసుకోగలిగితే సంరక్షకుల అవసరం లేదు, ఆ అవకాశాన్ని ముందు చూడండి. తీసుకోలేకపోతే నేషనల్ ట్రస్ట్ చట్టం, 1999 కింద కలెక్టర్ అధ్యక్షతన ఉండే లోకల్ లెవెల్ కమిటీకి దరఖాస్తు పెట్టాలి. 17వ ఏడు రాగానే కాగితాలు సిద్ధం చేసుకోండి: వైకల్య ధ్రువపత్రం, ఆధార్, జనన ధ్రువపత్రం, తల్లిదండ్రులిద్దరి సమ్మతి. బ్యాంకు ఖాతా మైనర్ నుంచి మేజర్‌కు మారేటప్పుడు సంతకం దగ్గర ఆగిపోతే ఈ కమిటీ ఇచ్చిన ఉత్తర్వే అడుగుతారు.